"వారెంటు ఏదీ?" అని అడిగిన లాయరమ్మ గారికి

పర్లాకిమిడి కోర్టులో ప్రాక్టీసు చేసే లాయరమ్మ గారికీ, మమ్మల్ని ఆవిడ దగ్గరకు తీసుకువెళ్లిన రిటైర్డు పేష్కారు బాబాయి గారికీ మా ఇంటిల్లిపాదీ నమస్కారాలు. పేర్లు రాయవద్దన్నారు, అందుకే రాయడం లేదు.

మా తమ్ముడు దుబాయిలో వెల్డరుగా పనిచేసేవాడు. కంపెనీ మూతపడితే బ్యాంకు అప్పు తీర్చకుండానే వచ్చేశాడు. తప్పే, దాచను. పోయిన నెల వాట్సాప్‌లో ఒకడు పోలీసు దుస్తుల్లో కనిపించి, తమ్ముడి మీద రెడ్ కార్నర్ నోటీసు (ఫలానా మనిషిని వెతికి పట్టుకోమని ఇంటర్‌పోల్ ద్వారా దేశాల పోలీసులకు వెళ్లే నోటీసు) ఉందనీ, మర్నాడే దుబాయి పోలీసులకు అప్పగిస్తారనీ, 80 వేలు పంపితే ఫైలు ఆపుతాననీ అన్నాడు. అమ్మ మారు మాట్లాడకుండా గాజులు తీసి ఇచ్చింది. తాకట్టు పెడదామని పాతపట్నం బయలుదేరిన నాకు దారిలో బాబాయి గారు ఎదురుపడ్డారు. ముఖం చూసి, "ఏమిటిరా?" అన్నారు. అంతే, బండి వెనక్కి తిరిగింది.

లాయరమ్మ గారి మొదటి ప్రశ్న: "వారెంటు ఏదీ? ఏ మేజిస్ట్రేటు ఇచ్చారు?"

మా దగ్గర జవాబు లేదు. ఆవిడ 1962 నాటి నేరస్థుల అప్పగింత చట్టం తెరిచి ఓపికగా చెప్పారు. రెడ్ కార్నర్ నోటీసు ఒక్కటే ఇక్కడ అరెస్టు వారెంటు కాదు. ఆ దేశం మన ప్రభుత్వాన్ని అడగాలి, ప్రభుత్వం ఆదేశిస్తే మేజిస్ట్రేటు విచారణ జరపాలి, మనవైపు సాక్ష్యం కూడా వినాలి. ప్రాథమికంగా కేసు నిలవకపోతే వదిలేయాలి. అత్యవసరమని ముందే అరెస్టు చేసినా 60 రోజుల్లో అప్పగింత అభ్యర్థన రాకపోతే విడిచిపెట్టాల్సిందే. ఒకవేళ అప్పగించినా, ఏ నేరానికి అప్పగించారో దానికే విచారణ. చేతికి చిక్కాడు కదా అని పాత కేసులన్నీ నెత్తిన వేయడానికి లేదు. పైగా దుబాయి ఉన్న దేశమైన యుఏఈతో 1999లో కుదిరిన ఒప్పందం ప్రకారం మన పౌరుణ్ణి అప్పగించరు, కేసు ఉంటే ఇక్కడే నడుస్తుంది.

తమ్ముడి ముఖం వెలిగింది. "అయితే అప్పు కూడా పోయినట్టేనా అండీ?"

"2020 జనవరి నుంచి అక్కడి సివిల్ డిక్రీని, అంటే బాకీ కట్టమని అక్కడి కోర్టు ఇచ్చిన తీర్పును, మన జిల్లా కోర్టులోనే అమలు చేయించుకోవచ్చు, నాయనా" అన్నారావిడ. వాడి నవ్వు ఎటు పోయిందో! నాకు మాత్రం ఆవిడ మీద గురి కుదిరింది అక్కడే. వాయిదాల్లో కడతామని బ్యాంకుకు ఉత్తరం ఆవిడే రాసిపెట్టారు. ఫీజు ముట్టలేదు.

ఆ పోలీసు వేషగాడు మళ్లీ ఫోను చేశాడు. "ఏ మేజిస్ట్రేటు అండీ?" అన్నాను. పెట్టేశాడు.

లాయరమ్మ గారూ, గాజులు తిరిగి అమ్మ చేతికి ఎక్కాయి. ఆదివారం ఆవపెట్టిన పనసపొట్టు కూర పంపుతానంటోంది. ఫీజంటే కాదన్నారు, దీన్ని మాత్రం కాదనకండి.