ధాన్యం సంచికి ఒక్కటే పుస్తకం ఇప్పించండి: పౌరసరఫరాల మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పౌరసరఫరాల శాఖ మంత్రి గారికి,

నమస్కారమండి. మాది కోనసీమలో ఒక లంక ఊరు. రైతుల సహకార సొసైటీలో గుమస్తాగా చేరి సెక్రటరీగా రిటైర్ అయ్యాను, ఆ ముప్పై ఏళ్ళలో ఎన్ని సీజన్లు ధాన్యం కొనుగోలు కేంద్రంలో కాటా పక్కన నిలబడ్డానో లెక్కలేదు. ఇప్పుడు ఉద్యోగం లేదు గానీ సార్వా (ఖరీఫ్) కోతలు మొదలైతే చాలు, పొద్దున్నే ఎవరో ఒకరు గుమ్మంలోకి వచ్చేస్తారు, "బాబాయ్, తేమ ఎంతదాకా ఒప్పుకుంటారు, సంచులు వాళ్ళిస్తారా మనమే తెచ్చుకోవాలా, లారీ కిరాయి ఎవరిది" అని. నాకు తెలిసింది నేను చెప్తాను. కేంద్రానికి వెళ్తే అక్కడ అబ్బాయి ఇంకోటి చెప్తాడు, మిల్లు దగ్గరకి వెళ్తే మూడోది వినపడుతుంది. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పట్లేదండి. ముగ్గురి దగ్గరా కాగితం ఉంది, కాకపోతే ఒక్కోళ్ళ దగ్గర ఒక్కో ఏడాది కాగితం, ఒక్కో శాఖ కాగితం. ఈ కాగితాలన్నిటికీ బదులు ఒక్కటే రూల్స్ పుస్తకం వేయించమని అడగడానికే ఈ ఉత్తరం.

ఒక్క సంగతి చెప్తాను. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది, మా వైపు చేలన్నీ పడుకుండిపోయాయి. మా వీధిలో కౌలుకి చేసే అతను, వరసకి తమ్ముడు అవుతాడు, నాలుగున్నర ఎకరాల స్వర్ణ ముందే కోసి కుప్పేసుకోబట్టి గింజ దక్కింది. వాన తగ్గాక నూర్చి, రోడ్డు మీద బరకాలు (టార్పాలిన్లు) పరిచి ఆ మొగుడూ పెళ్ళాం రాత్రీ పగలూ కాపలా కాసి ఎండబెట్టారు. కేంద్రంలో మిషన్ పెడితే తేమ 17 శాతం వచ్చింది, ఒప్పుకునే హద్దు అదే. సంచికి 40 కేజీల చొప్పున 280 సంచులు కాటా అయ్యి, ముఠా వాళ్ళు, అంటే హమాలీలు, లారీకి ఎత్తి, సరుకు పంపినట్టు రాసిచ్చే ట్రక్ షీట్ చేతికొచ్చి, లారీ గోదావరి దాటి మిల్లుకి వెళ్ళింది. అక్కడ తెల్లారగట్ల మంచులో ఇంకో మిషన్ పెట్టి 19 అన్నారు.

ఇక ఫోన్లు మొదలయ్యాయండి. ట్రక్ షీట్ వచ్చాక రైతుకీ మిల్లుకీ సంబంధం లేదని కేంద్రంలో అబ్బాయి అంటాడు, అతని ఫోన్‌లో ఒక సర్క్యులర్ ఉంది. గేటు దగ్గర మళ్ళీ చూసుకునే హక్కు మాకుందని మిల్లు గుమస్తా అంటాడు, అతని దగ్గరా ఒక మెమో జిరాక్స్ ఉంది. రెండు మిషన్లకి రెండు అంకెలొస్తే ఎవరిది నమ్మాలో రెండింట్లోనూ లేదు. లారీ రెండ్రోజులు గేటు బయటే ఉండిపోయింది, డ్రైవరు హాల్టింగ్ డబ్బులు అడుగుతాడు, అది ఎవరివ్వాలో ఏ కాగితంలోనూ లేదు. మూడో రోజు తమ్ముడు సంచికి రెండు కేజీలు తరుగు ఒప్పేసుకుని వచ్చేసాడు. 560 కేజీలండి. ఆ ఏడాది మద్దతు ధర క్వింటాకి 2,183, అంటే 12 వేల పైన. ఏడున్నర బస్తాలు, అతను కట్టే లెక్కలో అర ఎకరం కౌలు. ఇంటికొచ్చాక వాళ్ళావిడ నన్ను అడిగింది, "ఏ కాగితం నిజం బావగారూ" అని. ముప్పై ఏళ్ళు ఆ కాగితాల మధ్యే బతికినోణ్ణి, నా దగ్గర సమాధానం లేకపోయింది.

మిల్లు వాళ్ళ మీదో ఆ కుర్రాడి మీదో ఫిర్యాదు చెయ్యడానికి రాయట్లేదు. అసలు ఒక ధాన్యం సంచి ఎన్ని శాఖల చేతులు మారుతుందో మీరొకసారి దాని వెనకాలే నడిచి చూడాలి. చేలో ఉండగా ఈ-క్రాప్, అంటే ఏ చేలో ఏ పంట ఉందో నమోదు, వ్యవసాయ శాఖది. కౌలుదారుడైతే 2019 చట్టం కింద సీసీఆర్‌సీ కార్డు (పంట సాగుదారు హక్కు పత్రం), అది రెవిన్యూ వాళ్ళ చేతిలో. కొనేది రైతు సేవా కేంద్రంలోనో సొసైటీలోనో, సొసైటీ సహకార శాఖ కిందకి వస్తుంది. కాటాకి ముద్ర తూనికలు కొలతల వాళ్ళు వెయ్యాలి. గోనె సంచికి కూడా ఢిల్లీలో 1987 నాటి జనపనార చట్టం ఒకటుంది. లారీలు, మిల్లుల కేటాయింపు జాయింట్ కలెక్టరు గారి దగ్గర, డబ్బులు పౌరసరఫరాల కార్పొరేషన్ నుంచి. మిల్లాడిన బియ్యం ఎఫ్‌సీఐకి (కేంద్ర ప్రభుత్వ ఆహార సంస్థకి) ఇస్తే వాళ్ళ రూల్స్ వేరు, రేషన్ బియ్యం దాచే మండల స్టాక్ పాయింట్‌కి వెళ్తే వేరు, అక్కణ్ణుంచి రేషన్ షాపుకి వేరు. ఎవరి శాఖ వాళ్ళు వాళ్ళ ముక్క వరకే రాసుకుంటారు, సంచి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారే చోటు మాత్రం ఎవరి కాగితంలోనూ ఉండదు, గొడవలన్నీ అక్కడే పడతాయి. తమ్ముడి లారీ ఆగింది కూడా అక్కడే.

మా తాతగారు కరణీకం చేసారు, 1984లో ఆ ఉద్యోగాలు రద్దయ్యేదాకా. ఆయన బల్ల మీద రెండు లావు పుస్తకాలు ఎప్పుడూ ఉండేవి, అందులో ఒకటి బోర్డు స్టాండింగ్ ఆర్డర్లు, మద్రాసు రెవిన్యూ బోర్డు కాలంనాటివి. రెవిన్యూ వాళ్ళు ఇప్పటికీ బీఎస్ఓ 15 అంటే చాలు భూమి అసైన్‌మెంటు అని చటుక్కున చెప్తారు. ఏదైనా రూలు మారితే కరెక్షన్ స్లిప్ వచ్చేది, తాతగారు అన్నం మెతుకులు మెదిపి ఆ స్లిప్పుని పాత గీత మీద అంటించి పక్కన తేదీ వేసేవారు. పాతది కింద కనపడుతూనే ఉండేది, కానీ చెల్లేది పైదే అని చూడగానే తెలిసేది. ఇంగ్లీషులో ఉండేవి, రైతుకి అర్థమయ్యేవి కావు, అది నేనూ ఒప్పుకుంటాను. కానీ పై నుంచి కింద దాకా అందరి ముందూ ఉన్నది అదే పుస్తకం. భూమి లెక్కకి ఆ రోజుల్లోనే అలా చెయ్యగలిగినప్పుడు ఆ భూమిలో పండిన గింజకి ఇప్పుడు ఎందుకు చెయ్యలేమండి? కేంద్ర ప్రభుత్వం 29 కార్మిక చట్టాల్ని 4 కోడ్‌లుగా చేసింది, వాటిల్లో మంచిచెడులు వేరే మాట, కలపడం సాధ్యమే అని మాత్రం తేలింది కదా.

నేనడిగే పుస్తకం శాఖల వారీగా వద్దండి, సంచి నడిచే దారి వారీగా ఉండాలి. చేను, కళ్ళం, కేంద్రం, లారీ, మిల్లు గేటు, గోడౌను, రేషన్ షాపు. ప్రతి మలుపులో ఎవరు ఇస్తున్నారు, ఎవరు తీసుకుంటున్నారు, ఏ గంట నుంచి బాధ్యత ఎవరిది, తేడా వస్తే ఎవరు తేల్చాలి, ఎంత సేపట్లో తేల్చాలి, తేల్చకపోతే ఆ ఖర్చు ఎవరిది. మద్దతు ధరా, జీఎల్‌టీ (గోనె సంచి, హమాలీ, రవాణా) రేట్లూ ఏటేటా మారేవి కాబట్టి అవి చివర్లో విడి పేజీల్లో పెడితే ఏడాదికోసారి ఆ పేజీలే మార్చుకోవచ్చు. లెక్కల పేజీ ఒకటి తప్పనిసరిగా ఉండాలి, ఎందుకంటే మా రైతు 75 కేజీల బస్తాలో ఆలోచిస్తాడు, సర్కారు సంచిలో 40 పడుతుంది, జీవోలో ధర క్వింటాకి ఉంటుంది. 2025-26కి సాధారణ రకం 2,369, ఏ గ్రేడు 2,389 అంటే బస్తాకి ఎంతో, వంద కేజీల ధాన్యానికి పచ్చి బియ్యం 67 కేజీలు ఇవ్వాలంటే మిల్లు ఎంత తిరిగివ్వాలో ఒక పట్టికలో వేసేస్తే నోటిలెక్కలో మోసపోయేవాళ్ళు తగ్గుతారు.

ఇంకోటి, ఏ గీత ఎవరు గీసారో పక్కనే రాయాలి. తేమ 17 శాతం ఢిల్లీ గీసింది. రంగు మారినవీ మొలకెత్తినవీ పుచ్చినవీ పాడైనవీ కలిపి 5 శాతం అన్నది కూడా ఢిల్లీదే. లారీ ఎప్పుడొస్తుందనేది జిల్లాది. ఇది తెలీక మావాళ్ళు తడిసిన ధాన్యం తెచ్చి తాసీల్దారు ఆఫీసు ముందు పోసి కూర్చుంటారు, ఆయన చేతిలో ఏముందండి పాపం, సాయంత్రం దాకా ఇద్దరూ ఒకర్నొకరు తిట్టుకోవడమే.

తుఫాను మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువ చెప్తాను. మా డెల్టాలో సార్వా కోతలూ తుఫాన్లూ ఒకే కాలంలో వస్తాయి. 2025 అక్టోబరు 28న మొంథా తుఫాను వచ్చినప్పుడు చేను ఇంకా కోతకి రాలేదు, మిచాంగ్ వచ్చినప్పుడు పనల మీదా కళ్ళాల్లోనూ ఉంది. అంటే ఇది అనుకోకుండా వచ్చేది కాదు, దాదాపు ప్రతిసారీ ఎదురుచూడాల్సిందే. అయినా వచ్చిన ప్రతిసారీ మొదటి నుంచి మొదలుపెడతాం. రాష్ట్రం కేంద్రానికి సడలింపు కోసం ఉత్తరం రాయాలి, వాళ్ళ బృందం రావాలి, శాంపిల్స్ తియ్యాలి, తర్వాత ఆర్డర్ రావాలి. మూడు రోజులు ముంపులో ఉంటే గింజ మొలకెత్తిపోతుంది, అది ఫైలు కోసం ఆగదు. అందుకే పుస్తకంలో తుఫానుకి విడిగా ఒక అధ్యాయం కావాలి, హెచ్చరిక జెండా ఎగరగానే ఏ అధికారి ఏ రోజు ఏ ఉత్తరం పంపాలి, దాని నమూనా ముందే అచ్చేసి ఉండాలి, బరకాలు ఏ మార్కెట్ యార్డు నుంచి వస్తాయి, తడి ధాన్యం ఏ మిల్లు డ్రయ్యర్‌కి వెళ్తుంది, సడలింపు వచ్చేలోగా కొన్న ధాన్యం ఎవరి ఖాతాలో ఉంటుంది, అన్నీ ఎండ కాసే రోజుల్లోనే రాసి పెట్టుకోవాలి.

జిల్లా గీతల సంగతి కూడా. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి, మా లంకల్లో చాలామందికి దగ్గరి మిల్లు ఏటి అవతల ఇంకో జిల్లాలోకి వెళ్ళిపోయింది. పంటు (ఏరు దాటించే పడవ) ఎక్కితే పది నిమిషాలు, కాగితంలో మాత్రం పరాయి జిల్లా. పక్క జిల్లా మిల్లుకి పంపొచ్చా లేదా అన్నది ప్రతి సీజనూ ఫోన్ మీద అడిగి తెలుసుకోకుండా పుస్తకంలో ఒక్క వాక్యం ఉంటే చాలు.

మీ అధికారులు ఒక మాట అంటారు, అన్నీ యాప్‌లో ఉన్నాయి కదా, వాట్సాప్‌లో స్లాట్ కూడా బుక్ చేసుకోవచ్చు కదా అని. నిజమే, అది మంచి పనే, లైన్లో నిలబడే బాధ తగ్గింది, నేను కాదనను. కానీ యాప్ ఇవాళ ఏం చెయ్యాలో చూపిస్తుంది, ఎందుకు చెయ్యాలో చూపించదు. పేరు మ్యాచ్ అవ్వట్లేదు అని ఎర్రగా వస్తే కౌలు రైతు ఎవర్ని అడగాలి? నిన్న లేని గడి ఇవాళ తెర మీద కనపడితే అది ఏ ఆర్డర్ ప్రకారం వచ్చిందో ఆ కుర్రాడికీ తెలీదు. రైతు ఎదురుగా ఒక పేజీ తెరిచి "ఇదిగో, ఇక్కడుంది" అని చూపించాలంటే అచ్చైన పుస్తకం ఉండాలి, దాన్నే ఫోన్‌లోనూ పెట్టండి, రెండూ ఒకటే అయ్యుండాలి అంతే.

అన్నిటికన్నా ముఖ్యమైనది మొదటి పేజీలో ఉండాలండి: ఈ పుస్తకం అమల్లోకి వచ్చిన రోజు నుంచి ఈ విషయం మీద పాత మెమోలు, సర్క్యులర్లు, వాట్సాప్ గ్రూపుల్లో వచ్చిన ఆదేశాలు అన్నీ రద్దు, ఇకమీదట ఏ మార్పైనా పేజీ నంబరు వేసి కరెక్షన్ స్లిప్‌గా వస్తేనే చెల్లుతుంది అని. ఈ మాట లేకపోతే మీరెంత కష్టపడి వేయించినా అది పాత కట్ట మీద ఇంకో కాగితం అవుతుంది. మా ఊరి రేషన్ డీలరు ఫైలు చూసాను, 2021లో ఇంటింటికీ రేషన్ ఇవ్వడానికి 9,260 బండ్లు పెట్టకముందు కాగితాలు, బండ్లప్పటి కాగితాలు, 2025 జూన్ 1 నుంచి మళ్ళీ షాపుల్లో ఇమ్మన్నాక వచ్చిన కాగితాలు అన్నీ ఒకే దారానికి గుచ్చి ఉన్నాయి. ఏది చచ్చిందో ఏది బతికుందో ఆయనే వేలు పెట్టి చెప్పలేకపోయాడు.

2011లో మా కోనసీమ రైతులు క్రాప్ హాలిడే అని చేలు వదిలేసినప్పుడు మోహన్ కందా గారి కమిటీ వేసారు, ఊళ్ళకొచ్చి కూర్చుని విన్నారు. ఈ పుస్తకం రాసేవాళ్ళు కూడా అలాగే రావాలి. సచివాలయంలో ఏసీ గదిలో జీవోలు ముందేసుకుని కలిపితే జీవోల కుప్పే వస్తుంది. కాటా వేసేవాణ్ణి, ముఠా మేస్త్రిని, లారీ డ్రైవర్ని, మిల్లు గుమస్తాని, కౌలు చేసుకునే ఆడవాళ్ళని ఒక గదిలో కూర్చోబెట్టి ఒక సంచి కథ మొదటి నుంచి చివరిదాకా చెప్పించండి, ఎక్కడ మాట తడబడిందో అక్కడ ఒక రూలు కావాలని అర్థం. తెలుగులో రాయించండి, తర్జుమా తెలుగు కాదు, మేం మాట్లాడుకునే తెలుగు. తరుగు అంటే తరుగు అనే రాయండి.

నా దగ్గర నేను పనిచేసిన కాలం సర్క్యులర్లు నాలుగు కట్టలున్నాయి, చెద పట్టకుండా వేపాకు వేసి ట్రంకు పెట్టెలో దాచాను, ఏది దేన్ని మార్చిందో నాకు గుర్తున్నంతవరకు పెన్సిల్‌తో రాసుకున్నాను. ఎవరినైనా పంపితే ఇచ్చేస్తాను, పది రోజులు కూర్చుని సాయం చెయ్యమన్నా చేస్తాను, జీతం ఏమీ వద్దు. మా వైపు సార్వా కోతలు నవంబరులో అందుకుంటాయండి. అక్టోబరుకి అచ్చైతే కేంద్రం బల్ల మీద ఒకటి, మిల్లు గేటు దగ్గర ఒకటి గొలుసేసి కట్టొచ్చు.

ఇట్లు,
కోనసీమ లంకల నుంచి
ఒక రిటైర్డ్ సొసైటీ సెక్రటరీ