బావగారి ఆయాసం గురించి అక్కయ్యకు

లీడ్స్, ఇంగ్లండు,
నవంబరు 16.

అక్కయ్యకు నమస్కారాలు.

మొన్న ఆదివారం వీడియో కాల్‌లో నువ్వు ఫోను మంచం వైపు తిప్పినప్పుడు, బావగారు మంచం అంచున కూర్చుని, రెండు చేతులూ పరుపు మీద ఆన్చి, భుజాలు పైకెత్తి ఊపిరి లాక్కోవడం చూశాను. ఈ ఊళ్ళో ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులను చూసే నర్సుగా పదకొండేళ్ళుగా పనిచేస్తున్నదాన్ని కనుక అలా పైకి లేచిన భుజాలు నాకు రోజూ కనిపించేవే. కానీ అమ్మ పడుకున్న మంచం మీద, మన గోడ ముందు చూసేసరికి నోట మాట రాలేదు. ఆ రోజు నేను తొందరగా ఫోను పెట్టేసింది అందుకే. ఫోనులో చెబితే సగం మరచిపోతావనీ, కాగితం మీద ఉంటే అబ్బాయి కూడా చదువుతాడనీ, అర్ధరాత్రి భయం వేసినప్పుడు తీసి చూసుకుంటావనీ ఇలా ఉత్తరం రాస్తున్నాను.

బావగారి ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ఆసుపత్రిలో "ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్ళి తినాలన్నవి పెట్టండి" అన్నారని చెప్పావు. గడ్డను తగ్గించే మందుల వల్ల ఇక ప్రయోజనం లేదన్నది వారి ఉద్దేశం అయి ఉంటుంది. అయినా ఆ మాట అలా అనకూడదు, అక్కయ్యా. ఆయాసాన్ని, నొప్పిని, దగ్గును, నిద్రపట్టకపోవడాన్ని తగ్గించే వైద్యం వేరే ఉంది. అది ఇప్పుడే గట్టిగా మొదలుకావాలి. అసలు జబ్బు బయటపడిన రోజునుంచే మొదలు కావలసింది. 2010లో అమెరికాలోని బోస్టన్‌లో, ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మందిని రెండు భాగాలు చేసి, ఒక భాగానికి మామూలు క్యాన్సర్ వైద్యంతో పాటు మొదటినుంచే ఇలా బాధలను తగ్గించే ఉపశమన వైద్యం కూడా ఇచ్చి చూశారు. ఆ భాగంలోని వారికి దిగులు తగ్గింది, రోజులు మెరుగ్గా గడిచాయి, చివరిలో కీమోలాంటి భారమైన చికిత్సలు తక్కువగా చేసినా సగటున రెండున్నర నెలలకు పైగా ఎక్కువ బతికారు. ఎన్నాళ్ళు అన్న లెక్క నీ ముందు పెట్టాలని ఇది చెప్పలేదు. బాధ తగ్గించడమంటే చేతులెత్తేయడం కాదని అబ్బాయికి నచ్చచెప్పడానికి పనికివస్తుందని రాశాను.

ఇప్పుడు ఆయాసం సంగతి. మా దగ్గర రోగి ఆయాసమంటూ వస్తే ముందుగా వెతికేది కారణం. ఎందుకంటే క్యాన్సర్ ఉన్న మనిషికి వచ్చే ఆయాసమంతా క్యాన్సర్ వల్లే కానక్కరలేదు. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరి ఉండవచ్చు, దాన్ని సూదితోనో గొట్టంతోనో తీస్తే ఆ సాయంత్రానికే మనిషి తేలికపడతాడు. నిమ్ము చేసి ఉండవచ్చు, రక్తం తగ్గి ఉండవచ్చు, కాలిలో గడ్డకట్టిన రక్తం పైకి వెళ్ళి ఊపిరితిత్తిలో అడ్డుపడి ఉండవచ్చు. అందుచేత ఈ వారంలో ఒక్కసారి డాక్టరుగారి చేత ఛాతీ పరీక్ష, ఎక్స్‌రే, రక్తపరీక్ష చేయించండి. "క్యాన్సరే కదా, ఆయాసం ఉండదా" అని ఎవరైనా అంటే ఊరుకోకు.

ఆక్సిజన్ యంత్రం కొనడానికి అబ్బాయి డబ్బు సర్దుతున్నాడని విన్నాను. ముందు వేలికి పెట్టే ఆక్సీమీటరుతో రక్తంలో ఆక్సిజన్ కొలత చూసి, డాక్టరుగారికి చూపించండి. కొలత నిజంగా పడిపోతూ ఉంటే యంత్రం కావాలి. కొలత బాగానే ఉండి ఆయాసం మాత్రమే ఉంటే యంత్రం వల్ల అదనంగా ఒరిగేది తక్కువ. అలాంటి 239 మందికి సన్నని గొట్టంతో కొందరికి ఆక్సిజన్, కొందరికి మామూలు గాలి ఇచ్చి చూస్తే ఇద్దరికీ ఉపశమనం ఒకేలా ఉందని 2010లోనే తేలింది. మరి గాలి వల్ల వచ్చే ఉపశమనమేమిటంటావేమో. ముఖం మీద, ముక్కు చుట్టూ, పెదవుల పైన చల్లగా గాలి తగిలినప్పుడు అక్కడి నరం మెదడుకు చేరవేసే కబురు ఆయాసపు భావాన్ని తగ్గిస్తుంది. అందుకే మేము రోగులకు అరచేతిలో పట్టే చిన్న బ్యాటరీ ఫ్యాను ఇచ్చి, ముఖానికి జానెడు దూరంలో పట్టుకుని, ఒక చెంపనుంచి రెండో చెంపకు మెల్లగా తిప్పుకోమంటాము. మొదటిసారి ఆ ఫ్యాను ఒక పెద్దాయన చేతిలో పెట్టినప్పుడు నాకు మన నాయనమ్మ తాటాకు విసనకర్ర గుర్తుకొచ్చింది. ఆమె తాతయ్య దగ్గర కూర్చుని విసిరింది సరిగ్గా అక్కడికే, ముఖానికే. అటకమీద ఆ విసనకర్ర ఇంకా ఉంటే దించి తుడిచి మంచం దగ్గర పెట్టు. కిటికీ తెరిచి, మంచం చుట్టూ గుమిగూడిన వాళ్ళను పక్కకు తప్పుకోమను.

కూర్చునే తీరు కూడా మార్చాలి. ఆయన వెనక్కి వాలితే ఊపిరి ఇంకా బిగుస్తుంది. ఎదురుగా ఒక బల్ల వేసి, దాని మీద రెండు తలగడలు పేర్చి, మోచేతులూ తలా వాటి మీద ఆన్చి ముందుకు వాలమను. భుజాలు దించాలి. నువ్వు పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేసి, మెల్లగా ఊపిరి వదలమని చెప్పు. పీల్చమని చెప్పకు. వదలడం మీద దృష్టి పెడితే పీల్చడం దానంతట అదే జరుగుతుంది. వేడి టీ మీద ఊదినట్టు పెదవులు సన్నగా చేసి, పీల్చిన దానికి రెండింతలసేపు వదలాలి. నువ్వు కూడా ఆయనతో పాటే వదులు, ఎందుకంటే ఆ క్షణంలో నీ ఊపిరి కూడా వేగంగానే ఉంటుంది, ఆయన నీ ముఖమే చూస్తూ ఉంటారు. ఆయాసం వల్ల భయం, భయం వల్ల మరింత ఆయాసం. ఈ రెంటి మధ్యకు ఎవరో ఒకరు నెమ్మదిగా వెళ్ళి కూర్చోవాలి, అది మా నర్సుల పని. ఇవి చిట్కాలనుకోకు. బ్రిటన్‌లో ఆరు ఆసుపత్రులలో ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 119 మందితో చేసిన పరిశీలన 1999లో వెలువడింది. వారిలో కొందరికి నర్సులే వారం వారం ఈ ఊపిరి పద్ధతులు, ఒళ్ళు సడలించడం, పనులు విడదీసి చేసుకోవడం నేర్పి, వారి భయాలను కూర్చుని విన్నారు. ఎనిమిది వారాలకు వారి ఆయాసమూ, మనసులోని కుంగుబాటూ మిగిలినవారికంటే తగ్గి కనిపించాయి. నేను ఈ పనిలోకి వచ్చిన మొదటి నెలలో మా పెద్ద నర్సు నా చేత చదివించిన మొదటి కాగితం అదే.

పనులు విడదీయడమంటే ఏమిటో ఒక ఉదాహరణ చెబుతాను. మా దగ్గరకు వచ్చే ఒకాయన ఇంట్లో పడకగది మేడమీద ఉంది. పదమూడు మెట్లు ఒక్క ఊపున ఎక్కి, పైన గోడ పట్టుకుని చాలాసేపు రొప్పేవాడు. మేము మెట్ల మలుపులో ఒక కుర్చీ వేయించి, మెట్టు ఎక్కేటప్పుడే ఊపిరి వదలమని నేర్పాము. ఇప్పుడు మూడు మెట్లకొకసారి ఆగి, కుర్చీలో కాసేపు కూర్చుని, మాట్లాడుతూనే పైకి చేరుతున్నాడు. బావగారి విషయంలో స్నానం అలాంటిదే. పీట మీద కాదు, ఎత్తైన ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చోబెట్టి చేయించు. వంగి ఒళ్ళు తుడుచుకోనివ్వకుండా పెద్ద తువ్వాలు చుట్టి కూర్చోబెట్టు. స్నానమూ భోజనమూ వెంటవెంటనే వద్దు.

వీటన్నిటి తర్వాత కూడా ఆయాసం తగ్గకపోతే మార్ఫిన్ ఉంది. ఆ పేరు వినగానే నీ చెయ్యి వణుకుతుందని తెలుసు. నొప్పికి వాడేదే, చాలా తక్కువ మోతాదులో, కొందరికి ఆయాసాన్ని కూడా తగ్గిస్తుంది, పొడిదగ్గును కూడా. డాక్టరు చెప్పిన మోతాదులో వాడితే అది ప్రాణం తీసే మందు కాదు, చివరి గడియకు దాచిపెట్టే మందు కూడా కాదు. నొప్పికి ఇచ్చేటప్పుడు గడియారం చూసి, నొప్పి మళ్ళీ తల ఎత్తకముందే ఇవ్వాలని గట్టిగా చెప్పి ఆచరణలో పెట్టిన సిసిలీ సాండర్స్ మొదట నర్సే, తర్వాత డాక్టరై 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (నయంకాని జబ్బున్నవారిని చూసుకునే ఆసుపత్రి) స్థాపించారు. మేము నేటికీ ఆవిడ దారినే నడుస్తున్నాము. మాత్ర మొదలుపెట్టిన రోజునే విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా మొదలుపెట్టాలి, ఇది మాత్రం మరువకు. మార్ఫిన్ వాడినంతకాలం మలబద్ధకం వదలదు, కడుపు బిగిస్తే ఆయాసమూ పెరుగుతుంది. మొదటి రెండు మూడు రోజులు మగతగా, కాస్త వికారంగా ఉండి తర్వాత సర్దుకుంటుంది. మరీ నిద్రలోనే ఉండి, లేపినా పలకకపోతే వెంటనే డాక్టరుకు చెప్పాలి.

ఇది మామూలు మందుల షాపులో దొరకదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల ఎన్నో ఏళ్ళు మన ఆసుపత్రులు దీన్ని తెప్పించుకోవడానికే జంకేవి. 2014లో చట్టాన్ని సవరించాక గుర్తింపు పొందిన వైద్య సంస్థలకు దారి సులువైంది. హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఉపశమన వైద్యానికి ప్రత్యేక విభాగం ఉంది. తెలంగాణ ప్రభుత్వం జిల్లాల్లో పాలియేటివ్ కేర్ (ఉపశమన వైద్యం) కేంద్రాలు పెట్టి, "ఆలన" పేరుతో నర్సులను వాహనంలో రోగుల ఇళ్ళకే పంపుతోంది. అబ్బాయిని రేపే ఖమ్మం పెద్దాసుపత్రికి వెళ్ళి, రిపోర్టులన్నీ తీసుకుని పాలియేటివ్ కేర్ ఎక్కడని అడగమను. ఇంటికి వచ్చే నర్సు ఒకరు దొరికితే నాకు సగం దిగులు తీరుతుంది.

తిండి గురించి నువ్వు పడుతున్న బాధ నాకు తెలుసు. ఈ దశలో ఆకలి చచ్చిపోవడం జబ్బు గుణమే గాని నీ వంట లోపం కాదు. నాలుగు ముద్దలు బలవంతంగా పెట్టేకంటే రెండు చెంచాల పెరుగన్నం ఆయన అడిగినప్పుడు పెట్టు. నోరు పూసిందేమో, నాలుక మీద తెల్లగా పొరలా ఉందేమో చూడు. ఉంటే దానికి మందు ఉంది, ఆ మంట పోతే రుచి కొంత తిరిగి వస్తుంది.

కొన్నిటికి మాత్రం తెల్లవారేదాకా ఆగవద్దు. ముఖమూ మెడా ఉబ్బి ఛాతీ మీద నరాలు తేలినా, నడుము లేక వీపు నొప్పి కొత్తగా వచ్చి కాళ్ళు పట్టు తప్పుతున్నా, మూత్రం బిగిసినా, విపరీతమైన దాహంతో మనిషి పొంతనలేకుండా మాట్లాడినా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. దగ్గులో చారికలు కాక రక్తమే పడితే కూడా అంతే. ముదురు ఎరుపో నీలమో రంగు తువ్వాళ్ళు రెండు మంచం దగ్గర పెట్టు. తెల్లగుడ్డ మీద కొద్దిపాటి రక్తం కూడా ఎంతో కనబడి ఆయనా నువ్వూ బెదిరిపోతారు. మేము రోగుల ఇళ్ళలో ఈ పని మాటల్లో చెప్పకుండానే చేసి వస్తాము.

చివరగా, చెప్పడానికి నాకు కష్టమైన సంగతి. ఊపిరితిత్తుల్లో నిమ్ము అని మాత్రమే ఆయనకు చెప్పామనీ, నన్ను కూడా అదే చెప్పమనీ అబ్బాయి కోరాడు. వాడి ప్రేమను నేను తప్పుపట్టను. కానీ ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన మాస్టారికి, నిమ్ముకు ఆరుసార్లు కీమో ఎక్కించరని తెలియదా? తెలిసీ అడగకపోవడం మీ కోసమే అయి ఉంటుంది. మీరు ఆయన కోసం దాస్తూ, ఆయన మీ కోసం దాస్తూ ఉంటే, రాత్రి రెండింటికి ఆయాసం వచ్చినప్పుడు ఆయన భయాన్ని ఎవరితో చెప్పుకుంటారు? చూడడానికి వచ్చినవాళ్ళు చుట్టలు కాల్చినందుకే ఇలా అయిందంటున్నారట. ఆ మాటా ఆయన ఒక్కరే మోస్తున్నారు. నేను రోగికి ఏదీ ముందుగా చెప్పను. "మీ జబ్బు గురించి మీకేమనిపిస్తోంది, ఎంతవరకు తెలుసుకోవాలని ఉంది" అని అడిగి ఆగుతాను. కొందరు వద్దంటారు, వారికి చెప్పను. అడిగినవారికి అబద్ధం చెప్పను. బావగారిని కూడా అంతే అడుగుతాను, అంతకు మించి ఒక్క మాట నా అంతట నేను అనను. ఈ సంగతి అబ్బాయికి నువ్వే ముందుగా చెప్పి ఒప్పించు.

ఒక నోటుపుస్తకంలో ఉదయం, రాత్రి ఆయాసం, నొప్పి, నిద్ర ఎలా ఉన్నాయో సున్నానుంచి పది వరకు ఆయన చేతనే అంకె వేయించు. ఎంత నీరసంగా ఉన్నా అంకెలంటే ఆయన కాదనరు. ఆ పేజీ ఫోటో తీసి శనివారం నాకు పంపు. డిసెంబరు ఆఖరి వారంలో సెలవు దొరికింది, టికెట్టు తీసుకున్నాను. ఆదివారం మన సాయంత్రం ఆరింటికి ఫోను చేస్తాను. ఈసారి నువ్వు మాట్లాడి మంచం వైపు తిప్పడం కాదు, మోగగానే ఫోను బావగారి చేతికే ఇచ్చి, నువ్వు వెళ్ళి కాసేపు పడుకో.

నీ చెల్లెలు