టిక్ ఫీవర్: ముందు స్లైడ్, తర్వాతే స్టెరాయిడ్

సంపాదకులకు,

పిడుదు కాటుతో కుక్కలకు సోకే రక్తరోగాలనే టిక్ ఫీవర్ అంటాం. విశాఖలో పిడుదులకు సీజన్ అంటూ లేదు. సముద్రపు తేమ, ఏడాది పొడవునా ఉండే వేడి వాటికి బాగా సరిపోతాయి. కుక్కకు జ్వరం వచ్చి, తిండి మానేసి, చిగుళ్లు పాలిపోగానే ముందు పడేది తరచుగా డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షనే. సాయంత్రానికి జ్వరం దిగుతుంది, కుక్క పెరుగన్నం తింటుంది, ఇంట్లోవాళ్లు కుదుటపడతారు. కొద్దిరోజులకే మళ్లీ పడకేస్తుంది. ఈసారి మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో వస్తుంది. పరీక్ష లేకుండా స్టెరాయిడ్ వేసే ఈ అలవాటు మానాలి.

పిడుదు ద్వారా వచ్చే బేబీసియా అనే ఏకకణ పరాన్నజీవి ఎర్ర రక్తకణంలో దూరి అక్కడే పెరుగుతుంది. అయితే రక్తం తరిగిపోవడానికి అదొక్కటే కారణం కాదు. రక్తపు బొట్టును గాజు పలక మీద పూసి మైక్రోస్కోపులో చూసే స్లైడ్‌లో అతి కొద్ది కణాల్లోనే పరాన్నజీవి కనిపించినా రక్తహీనత తీవ్రంగా ఉండొచ్చు. శరీరం తయారుచేసిన యాంటీబాడీలు సోకని కణాలకూ అంటుకుంటాయి, ప్లీహం వాటినీ ఏరి నాశనం చేస్తుంది. ప్లేట్‌లెట్ల గతీ అంతే. స్టెరాయిడ్ ఈ విధ్వంసంతో పాటు పరాన్నజీవిని అదుపుచేసే శక్తినీ అణిచేస్తుంది. పైకి కుక్క లేచి తిరుగుతుంటే లోపల రోగం ముదిరేది అందుకే.

స్లైడ్ చేయడం పెద్ద పనేం కాదు. చెవి అంచున సూదితో గుచ్చి వచ్చిన మొదటి బొట్టు తీసుకోవాలి. సన్నటి రక్తనాళాల్లో బేబీసియా దొరికే అవకాశం ఎక్కువ. పలుచగా పూసి, గాలికి ఆరనిచ్చి, మిథనాల్‌లో రెండు మూడు నిమిషాలు ఉంచి, 10 శాతం జీమ్సా రంగులో అరగంట పెడితే చాలు. వేలిముద్ర పడితే, తడి ఆరకముందే రంగు వేస్తే చూడ్డానికేమీ మిగలదు. బేబీసియాలో రెండు రకాలు చూస్తాం: చిన్న ఉంగరాల్లా కనిపిస్తే బేబీసియా గిబ్సోనీ, జంటగా బేరిపండు ఆకారంలో ఉంటే వోగెలీ. ఈ తేడా ముఖ్యం. వోగెలీకి ఇమిడోకార్బ్ ఇంజెక్షన్ కుక్క బరువులో కిలోకు 6.6 మిల్లీగ్రాముల చొప్పున 14 రోజుల తేడాతో రెండుసార్లు వేస్తే పనిచేస్తుంది. గిబ్సోనీ దానికి సరిగా లొంగదు. అటోవాక్వోన్ కిలోకు 13.3 మిల్లీగ్రాములు ఎనిమిది గంటలకోసారి, అజిత్రోమైసిన్ 10 మిల్లీగ్రాములు రోజుకోసారి, పది రోజులు వాడాలి. అటోవాక్వోన్‌ను కొవ్వున్న తిండితోనే ఇవ్వాలి, లేకపోతే ఒంటికి పట్టదు. ఖరీదైన మందు, అలా వృథా చేసుకోకూడదు. స్లైడ్‌లో ఏమీ కనబడకపోయినా రోగం లేదని కాదు, అనుమానం ఉంటే పరాన్నజీవి జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్షకు పంపాలి.

పిడుదు ద్వారానే సోకే మరో రోగకారక బ్యాక్టీరియా ఎర్లీకియాకు డాక్సీసైక్లిన్ కిలోకు 10 మిల్లీగ్రాములు రోజూ, 28 రోజులు. కుక్క హుషారయిందని వారానికే ఆపేయడం చాలా ఇళ్లలో చూసేదే. ఇక స్ట్రిప్ టెస్టు (చుక్క రక్తం వేస్తే గీత చూపే కిట్) చూపించేది యాంటీబాడీలను, క్రిమిని కాదు. చికిత్స పూర్తయ్యాక కూడా అవి నెలలు, ఒక్కోసారి ఏళ్ల తరబడి రక్తంలో ఉంటాయి. కేవలం స్ట్రిప్ మీద గీత చూసి మళ్లీ మందులు మొదలుపెట్టకండి. ప్లేట్‌లెట్లు లెక్కించి చూడండి, యంత్రం చెప్పిన అంకెను స్లైడ్‌తో పోల్చండి. ప్లేట్‌లెట్లు గుంపుకడితే యంత్రం తక్కువ చూపిస్తుంది.

స్టెరాయిడ్ అసలే వద్దని కాదు. పరాన్నజీవికి మందు పడ్డాక కూడా కణాల నాశనం ఆగకపోతే ప్రెడ్నిసోలోన్ అవసరమవుతుంది. అది రక్తపరీక్షలు చూసి డాక్టరు తీసుకోవాల్సిన నిర్ణయం, మందుల షాపులో అడిగి కొనుక్కునేది కాదు.

వీధికుక్కను తెచ్చి పెంచుకునేవారికి ఇంకో మాట. ఆరోగ్యంగా కనిపించే కుక్క ఒంట్లో కూడా బేబీసియా అణిగి ఉండొచ్చు. చర్మం దురదకని స్టెరాయిడ్ మొదలుపెట్టినా, ప్లీహం తీసేసినా అది తిరగబెడుతుంది. రక్తదానానికి తెచ్చే కుక్కనూ ముందు పరీక్షించాల్సిందే. గిబ్సోనీ రక్తంతోనూ, కుక్కల కాట్లాటలోనూ పాకుతుంది.

పిడుదు కుక్క మీద కంటే గోడ పగుళ్లలో, కెన్నెల్ సందుల్లోనే ఎక్కువ కాలం గడుపుతుంది, గుడ్లూ అక్కడే వేలల్లో పెడుతుంది. పిడుదుల మందు కుక్కకే వేసి పగుళ్లు వదిలేస్తే ఫలితం ఉండదు.

జిల్లా పశుసంవర్ధక శాఖకు మా విన్నపం: ప్రతి పశువైద్యశాలలో మైక్రోస్కోపు, స్లైడ్లు, జీమ్సా నిత్యం ఉండేలా చూడండి. పీసీఆర్ అవసరమైన నమూనాలను గరివిడి పశువైద్య కళాశాల వంటి చోట్లకు పంపే ఏర్పాటు చేసి, ఆ వివరాలు వైద్యశాల బోర్డు మీద రాయించండి.

– కొందరు పశువైద్యులు, విశాఖపట్నం