సూపర్ జూపిటర్ మూడు నెలలు ఎందుకు మూలపడిందంటే

మన షాపులో అద్దెకిచ్చే సూపర్ జూపిటర్ సింథసైజర్, అదే రోలాండ్ ఎంకేఎస్-80, బుక్ చేసుకుని, తీరా రికార్డింగ్ రోజున "ఈసారికి లేదు" అనిపించుకున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. అప్పట్లో ఫోన్లో ఏదో చెప్పి దాటేశాను. అసలు సంగతి వేరు.

నోట్లు వరసగా వాయిస్తుంటే ఎనిమిదింటికి ఒకటి శ్రుతి తప్పుతోందని మే నెలలో మీలో ఒకరే పట్టుకున్నారు. ఎనిమిది వాయిస్‌ల మెషీన్, అంటే ఒక్కో నోటు పలికించే సర్క్యూట్లు ఎనిమిది. నోట్లను వాటికి వంతులవారీగా పంచుతుంది కాబట్టి ఒక వాయిస్ చెడిందని అర్థమైంది. శ్రుతి సరిచేసే ట్యూన్ బటన్ ఎన్నిసార్లు నొక్కినా దారికి రాలేదు. ఈ మోడల్‌లో మనది రెవిజన్ 4 రకం. వాయిస్‌కి రెండు చొప్పున, ధ్వనిని పుట్టించే ఆసిలేటర్లు 16, ఒక్కొక్కటీ కర్టిస్ కంపెనీవాళ్ల సీఈఎం 3340 చిప్. వాటిలో ఒకటి పోయింది.

మామూలుగా అయితే వారం పని. "పాత స్టాక్, అచ్చంగా 1984 నాటివి" అన్న మాట నమ్మి, పదేళ్లుగా సామాను ఇస్తున్న సప్లయర్‌కి ముందే డబ్బు కట్టి నాలుగు చిప్‌లు తెప్పించాను. నలభై ఏళ్ల చిప్ మీద అక్షరాలు నిన్న అచ్చేసినట్టు మెరుస్తుంటేనే అనుమానం రావాల్సింది. అసిటోన్‌లో దూది ముంచి రుద్దితే అక్షరాలు దూదికి వచ్చేశాయి. కింద ఇంకేదో నంబరు. నాలుగూ అంతే. ఫోన్ చేస్తే "బిగించడంలో మీదే పొరపాటేమో" అన్నాడు. ఇరవై రెండేళ్లుగా సోల్డరింగ్ ఐరన్ పట్టుకుంటున్నవాణ్ణి! డబ్బు సంగతి సరే, ఆ మాట మాత్రం ఇంకా గుచ్చుతోంది.

2016 నుంచి కర్టిస్ పేరు మీదే 3340 మళ్లీ తయారవుతోంది. అది కొంటే సరిపోయేది. కానీ "లోపలంతా ఒరిజినల్" అని షాపు గోడ మీద బోర్డు పెట్టింది నేనే. దాన్ని చూస్తూ మూడు వారాలు గడిపాను. ఏడు వాయిస్‌లతో నడిపేయమన్నారు కొందరు, కంప్యూటర్లో నడిచే ప్లగిన్ సాఫ్ట్‌వేర్ చాలదా అన్నారు ఇంకొందరు. వాయిస్‌లన్నీ కలిసి పలికే యూనిసన్‌లో 16 ఆసిలేటర్లూ వెంట్రుకవాసి తేడాతో ఒకే నోటు మీద పడితే స్పీకర్ ముందు నిలబడ్డ మనిషి ఒక అడుగు వెనక్కి వేస్తాడు. అది విన్నవాళ్లకు 14 చాలవు.

చివరికి కొత్త చిప్ ఒక్కటే వేశాను. అన్నీ మార్చేస్తే తలనొప్పి ఉండదని మా కుర్రాడు పోరుపెట్టాడు. వాడిదే సరైన మాట కావచ్చు, నేను వినలేదు. గోడ మీది బోర్డు మాత్రం తీసేశాను.

శ్రుతులన్నీ సరిచూసే క్యాలిబ్రేషన్ అయ్యాక కళ్లు మూసుకుని ఎనిమిది వాయిస్‌లూ విన్నాను. కొత్తది ఏదో పట్టుకోలేకపోయాను. సంతోషించాలి గానీ, కాస్త చిన్నతనంగానే అనిపించింది.

సోమవారం నుంచి బుకింగ్‌లు మొదలు. అద్దె పాతదే, శబ్దాలు మార్చుకునే నాబ్‌ల పెట్టె ఎంపీజీ-80 కూడా వెంటే వస్తుంది. అడ్వాన్స్ పోగొట్టుకున్నామనుకుంటున్నవాళ్లకు ఒక పూట ఉచితం. ఆన్ చేశాక అరగంట వేడెక్కనిచ్చి, అప్పుడే ట్యూన్ నొక్కండి. కొత్త చిప్ ఏ వాయిస్‌లో ఉందని మాత్రం అడగొద్దు, చెప్పను.