పువ్వు పేరుతో పాటు ఊరి పేరూ రాయండి

సంపాదకులకు నమస్కారం.

బతుకమ్మ రోజుల్లో తంగేడు, గునుగు సేకరించి హెర్బేరియం (ఎండిన మొక్కల నమూనాలు దాచే సేకరణ) కోసం ఆరబెట్టే విద్యార్థులకు ఒక మాట. పాత నమూనాకు అంటించిన చీటీ మీద ‘ఆదిలాబాద్ జిల్లా’ అని మాత్రమే ఉంటే ఆ మొక్క ఎక్కడిదో ఇప్పుడు తేల్చలేం. 2016లో ఆ జిల్లా నాలుగైంది. ఊరు, మండలం, పక్కనున్న చెరువో గుట్టో రాయండి. అక్షాంశ రేఖాంశాలు నాలుగు దశాంశాల దాకా వేయండి, నాలుగో అంకె అంటే సుమారు 11 మీటర్లు. తేదీ, పువ్వు రంగు కోసిన చోటే రాసుకోవాలి. ఎండాక రంగు నిలవదు. మొక్కను పేపర్ల మధ్య పెట్టి నొక్కేటప్పుడు ఒక ఆకును తిరగేసి పెట్టండి, అడుగు భాగం కూడా కనబడాలి. మొదటి వారం రోజూ పాత పేపరు మార్చకపోతే తంగేడు రేకులు నల్లబడతాయి, బూజు పడుతుంది. చీటీ లేని నమూనా ఎంత అందంగా ఎండినా మాకు ఎండుగడ్డే.

– వృక్షశాస్త్ర అధ్యాపకులు, వరంగల్