21 ఆటకు మన ఇంటి లెక్కలు

హనుమకొండ

చిరంజీవి బిడ్డకు, అమ్మ ఆశీర్వదించి రాయునది.

దసరాకు వచ్చినప్పుడు అందరం కూర్చుని బ్లాక్‌జాక్ ఆడదామని, మన ఇంటికి తగ్గట్టు దాని నియమాలు రాసి ఉంచమని అడిగావు. పత్తాల మాట వినగానే మీ బాపు ముఖం చిట్లించారు గానీ, డబ్బు ఊసు ఉండదని చెప్పాక తనకూ రెండు ముక్కలు వేయమన్నారు. సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట నుంచి తిరిగి వచ్చేసరికి ఎవరికీ ఓపిక ఉండదు కాబట్టి, పండుగ మరునాటి సాయంత్రం, పరకాల నుంచి చిన్నమ్మ వాళ్లు, జమ్మికుంట నుంచి మేనత్త వాళ్లు వచ్చిన తరువాత ఆట పెట్టుకుందాం.

ఈ ఆట నాకు నచ్చడానికి మొదటి కారణం మీ బాపమ్మ. రమ్మీలో పదమూడు ముక్కలు చేతిలో నిలపడం ఆమెకు కష్టం. ఇక్కడ రెండు ముక్కలు చాప మీద పెట్టుకుని 21 వరకు కూడడం వస్తే చాలు, 21 దాటకుండా పంచేవారికన్నా దానికి దగ్గరగా వెళ్లినవారిదే గెలుపు. కిందటిసారి నువ్వు నేర్పిన సైగలు ఆమె మరువలేదు. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, ముక్కను కంటి దగ్గరికి తెచ్చుకుని చూసి, ఇంకొకటి కావాలంటే వేలితో చాపను తడుతుంది, చాలనుకుంటే అరచేయి అడ్డంగా ఊపుతుంది. రాజు, రాణి, జాకీ ఒక్కొక్కటి పది అన్న సంగతి ఇట్టే పట్టుకుంది గానీ, ఆసును ఒకటిగానైనా పదకొండుగానైనా లెక్కించుకోవచ్చంటే మాత్రం అదేం న్యాయమని ఇప్పటికీ అడుగుతోంది.

పందెం చింతగింజలతోనే. ఒక్కొక్కరికి ఇరవై గింజలు ఇస్తాను. రెండు గానీ నాలుగు గానీ పెట్టాలి, ఒకటీ మూడూ పెట్టకూడదు. ఎందుకంటే మొదటి రెండు ముక్కల్లోనే ఆసు, పది విలువగల ముక్క కలిసి వచ్చినవారికి రెండుకు మూడు చొప్పున ఇవ్వాలి కదా, బేసి సంఖ్య పెడితే గింజను సగానికి పగలగొట్టవలసి వస్తుంది. అలాంటి జత ఒకరికి సుమారు ఇరవై ఒక్క పంపకాల్లో ఒకసారి పడుతుంది. పంచేవారి ముక్కల్లో ఒకటి అందరికీ కనిపించేలా తెరిచి ఉంటుంది కదా, అది ఆసు అయినప్పుడు, వారికీ అలాంటి జతే పడిందని కాసినోల్లో ఇన్సూరెన్స్ పేరుతో విడిగా ఇంకొక పందెం పెట్టనిస్తారు. పేరు చూసి భద్రత అనుకుంటారు గానీ, అది గెలిచే అవకాశం మూడింట ఒక వంతు కూడా లేదు, గెలిస్తే ఇచ్చేది మాత్రం ఒకటికి రెండే. మన ఇంట్లో అది వద్దు.

నేను అన్నిటికన్నా పట్టుబట్టేది పంచే వంతు గురించి. పంచేవారు 16 వరకు తప్పనిసరిగా ముక్క తీసుకోవాలి, 17 రాగానే ఆగిపోవాలి. వారికి సొంత నిర్ణయమంటూ ఏదీ లేదు. అయినా ఎక్కువకాలం ఆడితే గెలుపు వారిదే ఎందుకవుతుందో ఆలోచించావా? మనం ముందు ఆడాలి, 21 దాటితే మన గింజలు అక్కడికక్కడే పోతాయి, ఆ తరువాత పంచేవారు కూడా 21 దాటినా పోయిన గింజలు తిరిగి రావు. ఇద్దరూ ఓడిపోయిన చేతిలో ఒక్కరే గెలిచినట్టు లెక్క కట్టడమే ఈ ఆటలోని కిటుకు. కాసినోలో ఆ స్థానం ఎప్పటికీ యజమానిదే. ఇంట్లో మాత్రం అయిదు పంపకాలకొకసారి పక్కవారికి మారాలి. ఇంటికి పెద్దవాడినని మీ బాపు, వేగంగా పంచుతానని నువ్వు దాన్ని పట్టుకుని కూర్చోవద్దు.

చేతిలో 16 ఉన్నప్పుడు ఏం చేయాలని మీ తమ్ముడు ప్రతిసారీ నన్ను అడుగుతాడు. ఆరు మొదలుకొని రాజు వరకు ఏది వచ్చినా 21 దాటుతుంది, అంటే పదమూడు రకాల్లో ఎనిమిది మనకు శత్రువులే. కానీ పంచేవారికి ఏడుగానీ అంతకన్నా పెద్దదిగానీ కనిపిస్తుంటే, ఆగి కూర్చోవడం వల్ల నష్టం ఇంకా ఎక్కువ కాబట్టి తీసుకోవాల్సిందే. వారికి నాలుగో, అయిదో, ఆరో కనిపిస్తుంటే మాత్రం మన దగ్గర పన్నెండు ఉన్నా సరే ఆగాలి. అయిదు, ఆరు కనిపించినప్పుడు నూటికి నలభైకి పైగా సందర్భాల్లో వారే 21 దాటిపోతారు. ఈ లెక్కలన్నిటినీ అమెరికా సైన్యంలో పనిచేసిన నలుగురు, కంప్యూటరు లేకుండా బల్ల మీది లెక్కల యంత్రాలతో వేసి 1956లో ప్రచురించారు. లెక్కల టీచరుగా పనిచేసిన నాకు ఆ సంగతి ఎంత ముచ్చటగా ఉంటుందో నీకు తెలుసు. మనది ఒక్క పేకే కాబట్టి, సగం ముక్కలు అయిపోయేదాకా మళ్లీ కలపకుండా ఆడదాం. పది విలువగల పదహారు ముక్కల్లో ఎన్ని బయటపడ్డాయో తమ్ముడు గుర్తుపెట్టుకోనీ. కాసినోల్లో ఆరో ఎనిమిదో పేకలు కలిపి వాడేది ఇలాంటి వాళ్లకు పని పెంచడానికే.

రూపాయి రూపాయి పెడితే మజా ఉంటుందని మీ బావ తప్పక అంటాడు. రమ్మీలో నైపుణ్యం ఉందని సుప్రీంకోర్టు 1967లోనే చెప్పింది కదా అని వాదిస్తాడు కూడా. ఆ తీర్పు రమ్మీ గురించే గానీ ఈ ఆట గురించి కాదు. పైగా 1974 నాటి గేమింగ్ చట్టాన్ని మన రాష్ట్రంలో 2017లో సవరించాక డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీకే దారి మూసేశారు. చట్టం సంగతి అలా ఉంచినా, చిన్నమ్మ పిల్లల ముందు నోట్లు బయటికి తీయడం నాకు ఇష్టం లేదు. ఆ మాట అతనికి నువ్వే ముందుగా ఫోనులో చెప్పు. నేను చెబితే అత్త నిష్ఠూరంగా మాట్లాడిందనుకుంటాడు.

ఇంకొక సంగతి. మన పేకలో కళావరు ఆరు ఎక్కడో పోయింది. దాని బదులు జోకరు మీద స్కెచ్ పెన్నుతో ఆరు అని రాసి పెట్టుకున్నాం గానీ, జోకరు అంచు నలిగి ఉండడం వల్ల అది ఎవరి చేతిలో ఉందో వెనుక నుంచే అందరికీ తెలిసిపోతోంది. వచ్చేటప్పుడు అక్షరాలు పెద్దవిగా ఉన్న ప్లాస్టిక్ పేక ఒకటి కొని తీసుకురా. బాపమ్మకు సులువుగా కనిపించాలి.

ఇట్లు,
మీ అమ్మ