వింత వార్తకూ ఊరు, తేదీ ఉండాలి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ పత్రిక లోపలి పేజీలో, అడుగున చిన్న బాక్సు కట్టి వేస్తున్న వింత వార్తల గురించి రాస్తున్నాను. నాకు అంబర్‌పేటలో కటింగ్ షాపు ఉంది. మీ పేపరు పొద్దున్నే మా బెంచీ మీదికి వస్తుంది. రాజకీయాల పేజీ తీస్తే గిరాకీలు వెంటనే రెండు జట్లవుతారు. వింత వార్తను మాత్రం ఎవరో ఒకరు పైకి చదువుతారు. కుర్చీలో ముఖం నిండా నురగతో ఉన్నాయన కూడా కాసేపు ఆగమని చేత్తో సైగ చేసి వింటాడు. వినగానే అందరూ అడిగేది ఒక్కటే: ఎక్కడ జరిగింది, ఎప్పుడు? ఆ బాక్సులో మాత్రం ‘ఇటీవల’, ‘ఓ దేశంలో’, ‘ఓ వ్యక్తి’ అని ఉంటుంది.

తిమింగలాన్ని డైనమైట్‌తో పేల్చిన వీడియో మా షాపులో ఎన్నిసార్లు చేతులు మారిందో. ప్రతిసారీ అది నిన్న మొన్నటిదే అంటారు. మా అమ్మాయి వెతికి చూపించింది. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం, ఫ్లోరెన్స్ ఊరు, 1970 నవంబరు 12. ఒడ్డుకు కొట్టుకొచ్చిన కళేబరాన్ని ముక్కలు చేస్తే పక్షులు తినేస్తాయనుకుని అక్కడి రోడ్ల శాఖవాళ్లు అర టన్ను డైనమైట్ పెట్టారు. పెద్ద ముక్క ఎగిరి వెళ్లి, పావు మైలు అవతల ఆగి ఉన్న కారు మీద పడి దాన్ని నుజ్జు చేసింది. 2020లో ఆ ఊళ్లో ఒక పార్కుకు ఆ పేలుడు పేరే పెట్టుకున్నారు. ఇదంతా చెప్పాక మావాళ్లు ఇంకా ఎక్కువ నవ్వారు. తేదీ చెబితే వింత తగ్గిపోతుందన్న భయం అక్కర్లేదు సార్.

కొన్ని వార్తల్లోనైతే నవ్వు వెనక మనిషి ఉంటాడు. బతికుండగానే కాగితాల మీద చచ్చిపోయిన లాల్ బిహారీ కథే చూడండి. ఉత్తరప్రదేశ్‌లోని ఆజంగఢ్ జిల్లా రైతు. బ్యాంకు అప్పు కోసం వెళ్తే నువ్వు చనిపోయినట్టు రికార్డుల్లో ఉందన్నారు. భూమి కోసం సొంత బాబాయే ఆ పని చేయించాడు. బతికే ఉన్నానని నిరూపించుకోవడానికి 1989లో అమేఠీలో రాజీవ్ గాంధీ మీద పోటీకి నిలబడ్డాడు. రికార్డుల్లో మళ్లీ బతికింది 1994లో. తనలాంటి వాళ్ల కోసం ‘మృతక్ సంఘ్’ పెట్టాడు. దీన్ని ‘చచ్చి బతికిన రైతు’ అని మూడు లైన్లలో తేల్చేస్తే, పట్టాదారు పాసుపుస్తకం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే మా గిరాకీలకు ఏం అందుతుంది? వాళ్లకు అది సొంత బాధలా ఉంటుంది.

ఇంకో సంగతి కూడా నన్ను చాలా బాధపెడుతుంది. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు వచ్చాయని ఫోన్లలో మోత మోగింది. చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను జనం కొట్టి చంపేశారు. ఆ రోజుల్లో దేశమంతా తిరిగిన వీడియోల్లో ఒకటి, పిల్లలు జాగ్రత్త అని చెప్పడానికి కరాచీలో తీసిన ప్రచార చిత్రం. అందులో ఎత్తుకెళ్లిన పిల్లవాణ్ణి తిరిగి దింపేసే చివరి భాగం తీసేసి పంచారు. ఊరూ తేదీ లేకుండా ఏదైనా నమ్మడం మనకు అలవాటైపోయింది. ఆ అలవాటును పేపరు కూడా పెంచకూడదు.

కాబట్టి నా మనవి. ఆ బాక్సు ఇంకో నాలుగు లైన్లు పెరిగినా సరే, ఊరు పేరు, తేదీ, ఎవరు చెప్పారన్నది వేయండి. పాతదైతే ఏ సంవత్సరం సంగతో రాయండి, పాతదైనా మేం చదువుతాం. ఆ తర్వాత ఏమైందో తెలిస్తే వారం ఆగైనా చెప్పండి. అబద్ధమని తేలితే మాత్రం మర్నాడే, అదే చోట, అంతే పెద్ద అక్షరాల్లో వేయండి.

ఇట్లు,
ఒక కటింగ్ షాపు యజమాని,
అంబర్‌పేట, హైదరాబాద్